సర్పంచ్ హామీలు: పంచాయతీ చేతిలో ఏముంది? దమ్మపేట ఓటరు ఏం అడగాలి?

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దమ్మపేట ఏజెన్సీ మండలం. పంచాయతీ ఎన్నికలొస్తే సీసీ రోడ్డు, డ్రైనేజీ, వీధి దీపాలు, పోడు పట్టాలు అంటూ హామీలు వినిపిస్తాయి. వీటిలో సర్పంచ్ చేయగలిగేవేంటి?

ఎవరు పోటీ చేయొచ్చు?
1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సర్పంచ్ పదవి ఎస్టీలకే. వార్డుల్లోనూ కనీసం సగం వారివే. ఓటు మాత్రం జాబితాలో పేరున్న అందరిదీ. పార్టీ గుర్తులు ఉండవు.

డబ్బు ఎక్కడిది?
ఇంటి పన్ను, ప్రభుత్వ గ్రాంట్లు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలి. ఎన్నికైన పాలకవర్గం లేకుంటే ఈ నిధులు ఆగిపోతాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో గడువు ముగిస్తే, ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి.

చేతిలో లేనివి?
పోడు పట్టా. అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు గ్రామసభ నుంచే మొదలైనా, తుది నిర్ణయం జిల్లా స్థాయి కమిటీది.

గెలిచాక నిలదీసేదెక్కడ?
గ్రామసభలో. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. ఏజెన్సీలో అభివృద్ధి ప్రణాళికలకు, లబ్ధిదారుల ఎంపికకు దాని ఆమోదం తప్పనిసరి. నిధుల వినియోగ ధ్రువపత్రం ఇవ్వాల్సిందీ గ్రామసభే.

ఫోన్‌లో ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ తెరిస్తే మీ పంచాయతీ ప్రణాళిక, ఖర్చులు కనిపిస్తాయి. హామీ ఇచ్చిన అభ్యర్థిని ఒక్కటే అడగండి: ‘ఈ పని ఏ నిధులతో చేస్తారు?’