హాంకాంగ్ చర్చలు: పీటకు లేని మూడో కాలు

హాంకాంగ్ భవిష్యత్తుపై 1982–84లో బ్రిటన్, చైనా జరిపిన చర్చలకు మూలం ఒక కౌలు గడువు. హాంకాంగ్ దీవి 1842లోను, కౌలూన్ దక్షిణ భాగం 1860లోను శాశ్వతంగా బ్రిటన్‌కు దఖలు పడగా, వలస విస్తీర్ణంలో పదింట తొమ్మిది వంతులకు మించిన న్యూ టెరిటరీస్ మాత్రం 1898లో 99 ఏళ్ల కౌలుకే దక్కింది. ఆ గడువు 1997 జూన్ 30తో తీరాల్సి ఉంది. అక్కడి భూమి లీజులు అంతకు మూడు రోజుల ముందే ముగిసేలా రాసి ఉండడంతో, ఆ తేదీ దాటి అప్పులివ్వాల్సిన బ్యాంకులకు దౌత్యం కంటే ముందే దిగులు పట్టుకుంది.

1982 సెప్టెంబరులో బీజింగ్ వెళ్లిన బ్రిటిష్ ప్రధాని మార్గరెట్ థాచర్ పాత సంధులు చెల్లుతాయని వాదించగా, సార్వభౌమత్వం, అంటే నేలపై అంతిమ హక్కు, బేరానికి వచ్చే విషయమే కాదని చైనా అగ్రనేత డెంగ్ షియావోపింగ్ తేల్చిచెప్పారు. ఆ హక్కును వదులుకున్నా పాలన తన చేతిలో ఉంచుకోవాలన్న బ్రిటన్ ఆశను కూడా చైనా అంగీకరించలేదు.

ఈ బేరంలో హాంకాంగ్ ప్రజలకు చోటు లేదు. శాసనమండలిలో అప్పటికి ఎన్నికైన సభ్యుడు ఒక్కరూ లేరు. ప్రజల పక్షాన మూడో ప్రతినిధి ఉండడాన్ని చైనా ‘మూడు కాళ్ల పీట’ అంటూ తోసిపుచ్చింది, గవర్నర్ ఎడ్వర్డ్ యూడ్‌ను సైతం బ్రిటిష్ బృంద సభ్యుడిగానే గుర్తించింది. చర్చలు రహస్యంగా సాగినందువల్ల, విడత విడతకూ వెలువడే పొడి ప్రకటనల్లో ఏ విశేషణం ఉందో, ఏది రాలిపోయిందో వెతుక్కోవడమే జనానికి మిగిలింది. 1983 సెప్టెంబరు 22, 23 తేదీల నాలుగో విడత ప్రకటనలో ‘ఉపయుక్తం, నిర్మాణాత్మకం’ అన్న మాటలు కనబడలేదు. మర్నాడు శనివారం అమెరికన్ డాలరుకు హాంకాంగ్ డాలరు విలువ 9.60కి పడిపోయింది, జనం బియ్యం, నూనె కోసం దుకాణాలకు ఎగబడ్డారు. ఓటు లేని ప్రజల అభిప్రాయానికి ఆ రోజుల్లో మారకపు రేటుకు మించిన కొలమానం లేదన్నది అతిశయోక్తి కాదు. అక్టోబరు 17 నుంచి హాంకాంగ్ ప్రభుత్వం రేటును 7.80 వద్ద కట్టివేసింది. నోట్లు ముద్రించే బ్యాంకులు అదే లెక్కన అమెరికన్ డాలర్లు జమ చేయాలి. ఈ కట్టుబాటుతో కరెన్సీ నిలదొక్కుకుంది.

1997 తర్వాత పాలన సైతం తనది కాదని బ్రిటన్ 1984 ఏప్రిల్‌లో బహిరంగంగా ఒప్పుకుంది. ‘ఒక దేశం, రెండు వ్యవస్థలు’ అన్న సూత్రం కింద 50 ఏళ్ల పాటు జీవనవిధానం మారదని హామీ ఇచ్చే ఒప్పంద ముసాయిదా సెప్టెంబరులో వెలువడింది. దానిపై జనాభిప్రాయం సేకరించడానికి ప్రత్యేక కార్యాలయం తెరిచారు. అయితే మొత్తంగా ఒప్పుకోవడమో కాదనడమో తప్ప, అందులో ఒక్క మాటనూ మార్చే వీలు ప్రజలకు ఇవ్వలేదు. డిసెంబరు 19న బీజింగ్‌లో రెండు ప్రభుత్వాల అధినేతలు సంతకాలు చేశారు.