పెంటుహౌసు: ఒక మాట కథ

నేడు హైదరాబాదు, విజయవాడ మొదలగు నగరములలో ఇల్లు కొనబోవువారి చెవిని తఱచుగా పడు మాట పెంటుహౌసు. అన్ని యంతస్తులకును పైన, కప్పుమీద కట్టిన నివాసమని దాని యర్థము. ఇందులో హౌసనగా ఇల్లని బడిపిల్లవాడును చెప్పగలడు. మఱి 'పెంటు' అననేమి? తెలుగు చెవికి పెంట జ్ఞప్తికి వచ్చి నవ్వు పుట్టును. నల్లమలలోని చెంచుల పల్లెలకు పెంటలని పేరున్నట్లెఱిగినవారు దీనినందుతో ముడిపెట్టనువచ్చును. కాని ధ్వనిసామ్యమును మాత్రమే నమ్మి వ్యుత్పత్తి చెప్పుట పునాది లేని గోడ కట్టుట. విచిత్రమేమనగా, ఈ మాట విషయమున ఆంగ్లేయులే యట్టి పొరపాటు చేసిరి. ఆ పొరపాటునుండియే నేటి రూపము పుట్టినది.

మేడమీది గదికి సంస్కృతమున చంద్రశాల యను పేరు గలదు. అది పుట్టుకతోనే వెన్నెల నెఱిగిన మాట. పెంటుహౌసు పుట్టుకలో వెన్నెలయు లేదు, మేడయు లేదు, తుదకు హౌసును లేదు. లాటినులో 'అప్పెండెరె' అనగా తగిలించుట, వ్రేలాడదీయుట. ఆ ధాతువునుండి పుట్టిన మాట పాత ఫ్రెంచిలో 'అపెంటిస్' అయ్యెను. పెద్ద గోడ కానించి దించిన యేటవాలు కప్పునకు, మన పంచ వంటిదానికి, అది పేరు. ఇంగ్లీషున చేరునప్పటికి మొదటి యక్షరము రాలి 'పెంటిస్' అని నిలిచెను. పుస్తకము చివరి యనుబంధమునకును, ప్రేగు నంటియుండు చిన్న తోకకును ఆంగ్లేయులు పెట్టిన 'అపెండిక్సు' అను పేరు దీనికి దాయాదియే. కాలక్రమమున జనులు మూలమును మఱచిరి. ఫ్రెంచిలో వాలు అను నర్థముగల మాటయు, తమ హౌసును అందులో వినిపించినట్లు తోచి, 16వ శతాబ్దిలో దానిని పెంటుహౌసు చేసిరి.

షేక్స్పియరు నాటికిని ఇది నేలమీది పంచయే. 'మచ్ అడో అబౌట్ నథింగ్' నాటకము మూడవ యంకమున, తుంపర పడుచుండగా ఇద్దఱు ధూర్తులు నిలుచుండునది పెంటుహౌసు క్రిందనే.

మఱి పంచ మేడనెట్లెక్కినది? ఆ సంగతి తెలియుటకు మఱియొక మాటను దీని ప్రక్కన నిలుపవలెను. కప్పు క్రింది యిఱుకుగదిని ఆంగ్లమున 'గ్యారెట్టు' అందురు. పాత ఫ్రెంచిలో అది కావలి బురుజునకు పేరు. ఎత్తున పుట్టిన యా మాట పేదవాని గదికి దిగజారినది. మెట్లెక్కు శ్రమ మిక్కుటమైన కాలమున పై గదులు పనివారికిని, అద్దె యెక్కువ యీయలేనివారికిని మిగిలెడివి. యువకవి థామస్ చాటర్టన్ 1770లో, తన 17వ యేట, లండనులోని యట్టి గదిలోనే మరణించెను.

తరువాత లిఫ్టు వచ్చినది. త్రాడు తెగినను పడిపోని యేర్పాటును ఎలీషా ఓటిస్ 1854లో న్యూయార్కు ప్రదర్శనశాలలో, తాను పైన నిలిచి, త్రాడు కోయించి చూపెను. 1857లో ఆ నగరపు బ్రాడ్వే వీథిలోని యొక దుకాణమున మనుష్యుల నెక్కించు లిఫ్టు నమర్చెను. భవనములు పెరిగినవి. వాని కప్పులమీద లిఫ్టు యంత్రమునకును నీటితొట్టికిని కట్టిన కొట్టములు ప్రధాన భవనమునకు తగిలించినవే గనుక, వానికి పాత పేరే చెల్లెను. 1920ల నాటికి ధనవంతులు గాలిని, వెలుతురును, వీథిరొదకు దూరమును కోరి ఆ కప్పులమీదనే నివాసములు కట్టించుకొనిరి. పేరు మాఱలేదు, అద్దె మాఱినది.

మాటకు పుట్టుకలోని యర్థమే నిజమైన యర్థమని వాదించు పండితులు మనలో గలరు. మనుష్యుని విలువను పుట్టుకతో నిర్ణయించువారును గలరు. ఇరువురకును ఈ రెండు మాటలే సమాధానము. బురుజు దిగినది తన దోషమున గాదు, పంచ యెక్కినది తన గుణమున గాదు. ఎక్కు సాధనము మాఱినది, దానితో స్థానములు మాఱినవి. క్రిందనున్నవారికి లేనిది యోగ్యత యని మనము తేల్చుటకు ముందు, వారి కెక్కుటకు సాధన మున్నదా యని విచారింపవలెను.

ఈ విచారణ మనకు దూరపు సంగతి కాదు. పనివారును, సామాను తెచ్చువారును ఈ లిఫ్టు నెక్కరాదని పలక వ్రేలాడదీసిన భవనములను మేము చూచితిమి. పైయంతస్తున అంట్లు తోమబోవు స్త్రీ మెట్లెక్కవలసినదే. పంచను మేడకెక్కించిన యంత్రము ఆమెను మాత్ర మెక్కించుకొనదు. ఆ పలక లేని భవనమునందే పెంటుహౌసు తన ప్రస్థానమును పూర్తిచేసినదని మేము తలంతుము.