తీగకు ఆకాశం పేరు

ఇంట్లో కొత్త ప్రింటరు పెట్టి నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిస్తే రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తాయి: ఈథర్‌నెట్, వైఫై. లాన్ వైరు గుచ్చితే మొదటిది, పాస్‌వర్డ్ కొడితే రెండోది. వాడకానికి ఇంత తెలిస్తే చాలు. కాని ఈథర్ అంటే ఆకాశాన్ని నింపుతుందని ఒకప్పుడు అనుకున్న పదార్థం. ఆ పేరు గాలిలో వెళ్లే దానికి కాక తీగకు ఎందుకు పడింది?

గ్రీకులో ‘ఐథేర్’ అంటే మబ్బులకు పైన, వెలుగుతో నిండిన నిర్మలాకాశం. మండడమనే అర్థమున్న ‘ఐథో’ దాని ధాతువు. దీనికి సంస్కృతంలో తోబుట్టువు ఉంది: ‘ఇంధ్’. ఇంధనం, సమిధ అందులోంచి పుట్టినవే. రౌటర్ వెనక గుచ్చే తీగ పేరులోనూ హోమగుండంలో వేసే పుల్ల పేరులోనూ ఉన్నది ఒకే నిప్పు!

అరిస్టాటిల్ ఈ మాటను వేరేగా విప్పాడు. ‘అయీ థెయిన్’, అంటే ఎల్లప్పుడూ పరుగెత్తేది అన్నాడు. ఒక్కో మాటను నాలుగు రకాలుగా విప్పే యాస్కుడి నిరుక్తం చదివినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. నేటి భాషాశాస్త్రం ఈ వ్యుత్పత్తిని ఒప్పుకోదు. అయినా రాత్రింబవళ్లు సమాచారం పరుగులు తీసే తీగకు అది ఎంత చక్కగా నప్పింది!

భూమి, నీరు, గాలి, నిప్పు తరవాత ఐదోదిగా అరిస్టాటిల్ ఈ ఖగోళ పదార్థాన్ని చెప్పాడు. మన పంచభూతాల్లో ఆ చోటు ఆకాశానిది. ఆకాశంలో ఉన్నది ‘కాశ్’ ధాతువు. ప్రకాశంలో ఉన్నదీ అదే. అక్కడ మండడం, ఇక్కడ మెరవడం. రెండు జాతులూ తలెత్తి చూసి, వెలుగునుబట్టే పైనున్నదానికి పేరు పెట్టుకున్నాయి. శబ్దం ఆకాశానికి గుణమని, అంటే శబ్దాన్ని మోసేది ఆకాశమేనని మన తార్కికులు అదనంగా మరో మాట చెప్పారు.

మోసేదొకటి ఉండాలన్న ఆలోచన పందొమ్మిదో శతాబ్దపు భౌతికశాస్త్రాన్నీ పట్టుకుంది. కాంతి తరంగమైతే, ఆ తరంగం దేనిలో కదులుతోంది? కంటికి కనపడక, విశ్వమంతా నిండిన ఈథర్‌లో అన్నారు. 1887లో మైకెల్సన్, మోర్లీ ఎంత సూక్ష్మంగా వెతికినా దాని జాడ దొరకలేదు. 1905లో ఐన్‌స్టైన్ అది అక్కర్లేదనే తేల్చాడు. అప్పటికే ఒక మత్తుమందుకు పేరుగా సీసాలోకి చేరిన ఈ మాటకు భౌతికశాస్త్రంలో కొలువు పోయింది.

మళ్లీ కొలువిచ్చింది జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రం. అక్కడ గ్యారీ స్టార్క్‌వెదర్ లేజర్ ప్రింటరును తయారుచేస్తున్నాడు. ఆల్టో అనే కంప్యూటర్లను ఒకదానితో ఒకటి, ఆ ప్రింటరుతోనూ కలపాలి. ఆ పని రాబర్ట్ మెట్కాఫ్‌కు వచ్చింది. హవాయి దీవుల మధ్య రేడియోతో నడిచిన అలోహా నెట్‌వర్క్ నుంచి అతను ప్రేరణ పొందాడు. 1973 మే 22న రాసిన పత్రంలో తన పద్ధతికి ఈథర్ పేరు వాడాడు. భవనమంతా సాగే ఒక తీగ; అందరి సందేశాలూ అందులోనే పోతాయి; తనకు వచ్చినదాన్ని ప్రతి యంత్రమూ ఏరుకుంటుంది. అన్నిచోట్లా ఉంటూ, తానేమీ చేయక, మోయడం మాత్రమే చేసేది: పాత ఈథర్ లక్షణాలు ఇవే కదా!

మోసేది తీగైనా, టెలిఫోనైనా, రేడియో అయినా ఈథరే అని అతని భావం. కాని వాడుక తీగనే పట్టుకుంది. గాలిలో సందేశం పంపే పద్ధతి ఇళ్లకు వచ్చేసరికి ఆకాశం పేరు ఖాళీగా లేదు. 1999లో పేర్లు కట్టే ఒక సంస్థ హైఫైకి ప్రాసగా వైఫై అని కూర్చింది. ‘వైర్‌లెస్ ఫిడెలిటీ’ అన్న విస్తరణ తరవాత తగిలించినది. తవ్వితే కింద ధాతువేమీ తగలదు.

ఈథర్‌నెట్‌ను తెలుగు చేయాలనుకునేవారికి ‘ఆకాశజాలం’ తోచవచ్చు. జాలరి చేతి వల అందులో ఉంది గనుక ముచ్చటగానే ఉంటుంది. నేను మాత్రం ఈథర్‌నెట్‌నే ఉంచుకోమంటాను. పుట్టిననాడే ప్రింటరు కోసం పనిచేసిన పేరది. పైగా సమిధకు చుట్టం. అలాంటి మాటను పరాయిదని పంపేయడం నాకు ఇష్టం లేదు.