పాశ్చర్ ఏరిన స్ఫటికాలు

ఫిబ్రవరి 28 ప్రత్యేకమైన రోజు. 1928లో సి.వి. రామన్ తన పేరిట నిలిచిపోయిన కాంతి ఫలితాన్ని కనుగొన్న రోజది. 1987 నుంచి దేశమంతా జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటోంది. బడిలో సైన్స్ ఫెయిర్ పెట్టారంటే ఏదో ఒక బల్ల మీద గాజు గ్లాసు, అందులో దారానికి వేలాడే పటిక స్ఫటికం ఉండాల్సిందే. చిన్నపిల్లల ప్రయోగమని చాలామంది దాన్ని దాటి వెళ్లిపోతారు. దాని చరిత్ర తెలిసినవాళ్లు మాత్రం ఆ బల్ల దగ్గర ఆగుతారు.

స్ఫటికాలు పెంచడం మనకు కొత్తేమీ కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం బెల్లంతోపాటు ఖండం, శర్కరల పేర్లూ చెబుతుంది. పటికబెల్లం కొరికితే పంటికి తగిలే నూలు దారం, చక్కెర పట్టుకుని పెరగడానికి పాకంలో వేలాడదీసిందే. ఐరోపాలో 1611లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ మంచు రేకుకు ఆరు కోణాలే ఎందుకని ఆలోచించాడు. క్వార్ట్జ్ స్ఫటికం చిన్నదైనా పెద్దదైనా, వంకరగా పెరిగినా ముఖాల మధ్య కోణాలు మారవని 1669లో స్టెనో అనే శాస్త్రవేత్త గమనించాడు.

ఇక 1848 పారిస్‌కు వద్దాం. పాశ్చర్ అనగానే మనకు పిచ్చికుక్క కాటు టీకా గుర్తొస్తుంది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు, పనంతా స్ఫటికాలతోనే. ద్రాక్షసారా పీపాల అడుగున పేరుకునే మడ్డి నుంచి టార్టారిక్ ఆమ్లం వచ్చేది. దాని లవణ ద్రావణం ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని, కుడివైపు తిప్పుతుంది. అదే రసాయన కూర్పు ఉన్న పారాటార్టారిక్ ఆమ్లం లవణం మాత్రం అసలు తిప్పదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

పాశ్చర్ ఆ రెండో రకం సోడియం అమ్మోనియం లవణాన్ని కరిగించి, నెమ్మదిగా ఆరనిచ్చి, ఏర్పడిన స్ఫటికాలను ఒక్కొక్కటిగా పరీక్షించాడు. ప్రతిదాని అంచున చిన్న ఏటవాలు ముఖం ఉంది. కొన్నింటికి అది కుడివైపు, కొన్నింటికి ఎడమవైపు. కుడిచేయి, ఎడమచేయిలా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. వాటిని చేత్తో ఏరి రెండు కుప్పలు పోసి, విడివిడిగా కరిగించాడు. ఒక ద్రావణం కాంతిని కుడికి తిప్పింది, రెండోది ఎడమకి. సమపాళ్లలో కలిపితే ఎటూ తిప్పలేదు.

ఈ సంగతి విన్న భౌతిక శాస్త్రవేత్త బియో అప్పటికి 74 ఏళ్ల పెద్దాయన, ధ్రువిత కాంతి తిరుగుడును కొలవడంలో దిట్ట. ఊరికే నమ్మలేదు. ఆమ్లం తానే ఇచ్చి, తన ఎదుటే ద్రావణం చేయించి, గిన్నెను తన గదిలోనే ఉంచుకున్నాడు. స్ఫటికాలు కట్టాక కబురుపెట్టి పాశ్చర్‌తో ఏరించాడు. ఎడమకి తిప్పాల్సిన దాన్నే ముందు పరికరంలో పెట్టి చూశాడు. చూడగానే కుర్రవాడి చెయ్యి పట్టుకుని కదిలిపోయాడు.

ఇందులో వాతావరణం చేసిన మేలూ ఉంది. సుమారు 27 డిగ్రీలు దాటితే ఆ లవణం రెండు రకాలుగా విడిపోదు. కలిసే స్ఫటికం కడుతుంది. మన ఎండాకాలంలో అయితే పాశ్చర్‌కు ఏరడానికేమీ దొరికేది కాదు.

ఆ తర్వాతి కథ ఒకే దారిన సాగదు. 1912లో ఎక్స్-కిరణాలు స్ఫటికాల లోపలి అమరికను బయటపెట్టాయి. ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం స్ఫటిక సౌష్ఠవాన్ని గణితంతో శోధించారు. వెంకటరాయుడుతో కలిసి ఆయన రాసిన గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించింది. 1954లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ కొల్లాజెన్ అనే ప్రోటీన్ నిర్మాణాన్ని వివరించారు. కరిగిన సిలికాన్‌లోంచి పైకి లాగిన ఏకస్ఫటికాలే మన ఫోన్ల చిప్పులయ్యాయి. ప్రోటీన్ల ఆకారాన్ని ఇప్పుడు కంప్యూటర్లే ఊహిస్తున్నాయి. వాటికి పాఠాలు మాత్రం చాలావరకు దశాబ్దాలుగా స్ఫటికాల నుంచి రాబట్టిన నిర్మాణాలే. స్ఫటికాలు పెంచేందుకు పిల్లల కోసం రంగురంగుల కిట్లూ అమ్ముతున్నారు.

కిట్ అక్కర్లేదు. కిరాణా కొట్టులో దొరికే పటిక చాలు. వేడినీళ్లలో ఇక కరగనంతగా కలిపి, వడగట్టి, కదపకుండా ఉంచాలి. అడుగున కట్టిన పలుకుల్లో చక్కనిదాన్ని సన్నని నైలాన్ దారానికి కట్టి, పూర్తిగా చల్లారిన చిక్కటి ద్రావణంలో వేలాడదీయాలి. తొందరపడి గోరువెచ్చగా ఉండగానే వేస్తే ఆ పలుకు కాస్తా కరిగిపోతుంది. రోజులు గడిచేకొద్దీ ఎనిమిది ముఖాలు తేరతాయి. ముఖం వంకరగా పెరిగినా కోణమానినితో కొలిస్తే మూలలు 60 డిగ్రీలో, 120 డిగ్రీలో వస్తాయి. స్టెనో చెప్పిన మాటను పిల్లలు సొంతంగా రుజువు చేసుకోవచ్చు.

ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. ఈ ప్రయోగాన్ని ఫెయిర్‌కు ముందురోజు అప్పగించకండి. రెండు వారాల ముందే ఇవ్వండి. మార్కులు స్ఫటికం సైజుకు కాకుండా, రోజూ ఏం చూశారో పిల్లలు రాసిన నోటుబుక్కుకు వేయండి. పాశ్చర్‌ను గెలిపించింది అలా చూసే అలవాటే.