సోయా చిక్కుడు: పేరు వెనుక చరిత్ర

మొక్క పేరు దానితో చేసిన పదార్థమునకు వచ్చుట లోకమున పరిపాటి. పదార్థము పేరు తిరిగి మొక్కకు వచ్చుట అరుదు. సోయా చిక్కుడు విషయమున జరిగినది ఇదియే. ఉడికించిన ఆ గింజలను వేయించిన గోధుమలతో కలిపి, బూజు పట్టించి, ఉప్పునీటిలో నెలల తరబడి ఊరవేసి జపానువారు తీయు నల్లని రసమునకు "షోయు" అని పేరు. 17వ శతాబ్దమున డచ్చి వర్తకులు ఈ రసమును ఓడలలో ఐరోపాకు చేర్చినారు. అచటివారు ముందు రసమును రుచి చూచినారు. మొక్కను గూర్చి తరువాత తెలిసికొన్నారు. 1690-92 సంవత్సరములలో జపానులో ఉండిన జర్మను వైద్యుడు ఎంగెల్బర్ట్ కెంఫర్, 1712లో ప్రచురించిన తన గ్రంథమున ఆ మొక్కను, రసము తీయు విధమును వర్ణించినాడు. రసము పేరే మొక్కకు స్థిరపడినది. పుట్టినిల్లయిన చైనాలో దాని పేరు వేరు. "పెద్ద చిక్కుడు" అని అర్థమిచ్చు "దాదౌ" అని అచట పిలుతురు.

గింజను మన పెసలవలె, అలసందలవలె ఉడికించి తినక ఇంత శ్రమ యేల అని శ్రోతలు అడుగవచ్చును. కందిపప్పులో మాంసకృత్తులు నూటికి సుమారు 22 పాళ్లు. సోయాలో సుమారు 40 పాళ్లు, అదిగాక నూనె 20 పాళ్లు. అయినను పచ్చి గింజలో మాంసకృత్తులను అరుగనీయని పదార్థమొకటి కలదు. బాగుగా వేడి తగిలినగాని దాని బలము పోదు. ఉడికిన సోయాకు, పచ్చి సోయాకు పోషణలో గల భేదమును అమెరికా శాస్త్రజ్ఞులు ఆస్‌బోర్న్, మెండెల్ 1917లో చూపినారు. తూర్పు దేశములవారు ఆ మెలకువను ఎన్నో తరముల ముందే వంటింట నేర్చియుండిరి. చైనావారు గింజలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి కాచి, విరుగగొట్టి జున్నువంటి టోఫూ చేసినారు. జావావారు ఉడికిన గింజలకు బూజు పట్టించి టెంపే చేసినారు.

మన దేశమునకు గింజ వచ్చినది గాని, ఈ వంట విద్య దానివెంట రాలేదు. బీదలకు చవుకగా బలమైన ఆహారము దొరకవలెనని 1935లో గాంధీమహాత్ముడు వార్ధాలోని మగన్‌వాడిలో సోయాను వండించి, తినిపించి, ఆ అనుభవమును "హరిజన్" పత్రికలో వ్రాసినారు. మరుసటి యేడు బరోడాలో ఎఫ్. ఎస్. కాలే సోయాను గూర్చి, దాని వంటకములను గూర్చి పెద్ద గ్రంథమే ప్రచురించినారు. అయినను అది జనుల విస్తరిలోనికి రాలేదు. 1960 తరువాత పంత్‌నగర్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయములు అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయముతో కలిసి పరిశోధనలు జరిపిన పిమ్మటనే పంట వేళ్లూనినది. వానకాలమున బీడుగా విడిచిన మధ్యప్రదేశపు నల్లరేగడి చేలలో సోయా పచ్చబడినది. మన తెలంగాణమున ఆదిలాబాదు ప్రాంతపు రైతులును దానిని పండించుచున్నారు.

కాని పండిన గింజలో అధికభాగము నూనె మిల్లులకే పోవుచున్నది. మాంసకృత్తులన్నియు నిలిచియున్న పిండి చాలవరకు కోళ్ల దాణాకును, విదేశములకును చేరుచున్నది. బీదవాని భోజనమునకై గాంధీగారు కోరిన సారము ఆ దారిన పోవుట మేము విచారించు విషయము.

ఆ పిండిలో కొంత భాగము మాత్రము వేడితోను, ఒత్తిడితోను ముద్దలై మన కుర్మాలలోనికి "మీల్ మేకర్" అను పేరుతో వచ్చుచున్నది. దానిని ఇష్టముగా వండు ఇల్లాండ్రలో అది సోయా చిక్కుడే అని ఎరిగినవారెందరు? నాడు ఐరోపావారు రసము నెరిగి మొక్క నెరుగనట్లే, నేడు మనము ముద్ద నెరిగి గింజ నెరుగకున్నాము. ఆ గింజను దోరగా వేయించి, గోధుమలలో పదవవంతు కలిపి మరపట్టించిన చాలును. రొట్టె రుచి చెడదు, బలము పెరుగును. పచ్చిది మాత్రము తినరాదు.