అల్సరే, భయం లేదు

అకిరా కురొసావా 1952లో తీసిన 'ఇకిరు' సినిమాలో వతనబె అనే మునిసిపల్ ఉద్యోగి కడుపునొప్పితో ఆసుపత్రికి వెళతాడు. పక్కన కూర్చున్న రోగి అడక్కుండానే జోస్యం చెబుతాడు: చిన్న అల్సరే, ఆపరేషన్ అక్కర్లేదు, ఇష్టమైంది తినమని డాక్టరు అన్నాడంటే అది కడుపు క్యాన్సరే. లోపలికి వెళితే డాక్టరు అచ్చం అదే మాట అంటాడు. నిజం చెప్పండని వతనబె బతిమాలినా డాక్టరు మాట మార్చడు.

అప్పటి జపాన్‌లో అది మామూలే. జబ్బు పేరు ముందుగా ఇంట్లోవాళ్లకు చెప్పేవారు. వాళ్లు నవ్వుముఖం పెట్టుకుని మంచం దగ్గరికి వచ్చేవారు. అమెరికా కూడా ఏమంత తక్కువ తినలేదు. 1961లో షికాగోలో 219 మంది డాక్టర్లను అడిగితే దాదాపు తొంభై శాతం మంది క్యాన్సర్ సంగతి రోగికి చెప్పబోమన్నారు. 1979 నాటికి లెక్క పూర్తిగా తిరగబడింది. 'ఆయనకు మాత్రం చెప్పకండి డాక్టర్ గారూ' అనే మాట మన ఆసుపత్రి వరండాల్లో వినని తెలుగువాళ్లు ఎంతమంది?

జపాన్‌లో చక్రవర్తికీ మినహాయింపు లేదు. 1987లో హిరోహితోకు ఆపరేషన్ చేసి, దీర్ఘకాలిక క్లోమవాపు అని ప్రకటించారు. మరుసటి ఏడు ఆయన మంచాన పడితే జ్వరం, నాడి, రక్తపోటు, ఎక్కించిన రక్తం ఎంతో సహా రోజూ పత్రికల్లో వచ్చేవి. క్యాన్సర్ అని అధికారికంగా ఒప్పుకున్నది 1989 జనవరి 7న ఆయన పోయాకే.

జపాన్‌లోని నగోయాలో జరిగిన కేసు మాత్రం అంత తేలిగ్గా వదిలేసేది కాదు. 1983లో ఒక మహిళకు పిత్తాశయ క్యాన్సర్ ఉందేమోనని డాక్టరు అనుమానించాడు. రోగి బెదిరిపోతుందని, రాళ్లున్నాయి, ఆపరేషన్ చేయాలి అన్నాడు. రాళ్లే కదా అని ఆవిడ ముందే అనుకున్న సింగపూర్ ప్రయాణం మానుకోలేదు. తిరిగొచ్చాక, బాగానే ఉందంటూ ఆసుపత్రిలో చేరడం రద్దు చేసుకుంది. ఆ ఏడాది చివర్లోనే పోయింది. కుటుంబం కోర్టుకెక్కింది. డాక్టరు తప్పు లేదని 1989లో జిల్లా కోర్టు తేల్చింది; 1995లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది.

భాగవతంలో శుక్రాచార్యుడు బలికి, ప్రాణం మీదికొస్తే బొంకవచ్చునంటాడు. నగోయాలో ప్రాణం మీదికి తెచ్చింది బొంకే. తన శరీరం సంగతి తనకు తెలియనివాళ్లు ఆపరేషనా, ప్రయాణమా అని ఎలా తేల్చుకుంటారు? దయ డాక్టరుది, తేల్చుకునే హక్కు పోయింది రోగిది.

1993 సెప్టెంబరులో టీవీ వ్యాఖ్యాత మసతక ఇత్సుమి విలేకరులను పిలిచి తన జబ్బు క్యాన్సరని చెప్పేశాడు. ఆ ఏడు మొదట్లో ఆపరేషన్ అయినప్పుడు ప్రేక్షకులకు చెప్పింది అల్సరనే. డిసెంబరు 25న ఆయన పోయాడు. దేశమంతా చూసిన ఆ సమావేశం తర్వాత ఇళ్లలో కూడా రోగికి చెప్పాలా వద్దా అనే మాట పైకొచ్చింది. 1997లో జపాన్ వైద్య చట్టాన్ని సవరించి, రోగికి తగినంత వివరించి అర్థమయ్యేలా చేయడానికి డాక్టర్లు ప్రయత్నించాలని చేర్చారు. ముందుగా ఇంట్లోవాళ్లను పక్కకు పిలిచే అలవాటు మాత్రం ఆ ఒక్క సవరణతో పోలేదు.