నికోటిన్ లేని ఈ-సిగరెట్‌కూ నిషేధం వర్తిస్తుంది

పండ్ల రుచులతో, కలం ఆకారంలో లభించే ఈ-సిగరెట్‌పై ‘నికోటిన్ లేదు’ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన అది చట్టసమ్మతమూ కాదు, నిరపాయకరమూ కాదు. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ సమీపాన, హౌరా-ముంబయి రైలుమార్గంపై ఉన్న గతౌరాలోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ విషయంలో అమలులో ఉన్నది ఒకే కేంద్ర చట్టం.

చట్టం ఏం చెబుతోంది?

2019 సెప్టెంబరు 18న కేంద్ర ప్రభుత్వం ఈ-సిగరెట్ల నిషేధ ఆర్డినెన్స్ జారీ చేసింది. అదే ఏడాది డిసెంబరులో దాని స్థానంలో చట్టం వచ్చింది. ఏదైనా పదార్థాన్ని వేడిచేసి, పీల్చుకొనేందుకు వీలుగా ఆవిరిని సృష్టించే ఎలక్ట్రానిక్ పరికరాన్ని, నికోటిన్ ఉన్నా లేకున్నా, ఈ చట్టం ఈ-సిగరెట్‌గానే నిర్వచించింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, విక్రయం, పంపిణీ, ప్రకటనలు అన్నీ నిషిద్ధమే. కనుక విక్రయానికి ఉద్దేశించిన సరుకును రైలు పార్సిల్‌లో పంపడమూ నేరమే. మామూలు సిగరెట్లను 18 ఏళ్లలోపు వారికి మాత్రమే అమ్మరాదు. ఈ-సిగరెట్లను ఏ వయసు వారికీ అమ్మరాదు.

తొలి నేరానికి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నేరం పునరావృతమైతే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. సరుకు నిల్వచేస్తే ఆరు నెలల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కేవలం పీల్చినందుకు చట్టం ప్రత్యేక శిక్షను పేర్కొనలేదు.

శరీరంపై ప్రభావం

ఈ పరికరాల్లోని ద్రవంలో ప్రధానంగా ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచి పదార్థాలు ఉంటాయి. బ్యాటరీతో వేడెక్కే తీగ ఈ ద్రవాన్ని సూక్ష్మ తుంపరలుగా మారుస్తుంది. వేడి మితిమీరితే ఫార్మాల్డిహైడ్ వంటి హానికర రసాయనాలు వెలువడతాయి. తినడానికి సురక్షితమైన రుచి పదార్థాలన్నీ పీల్చడానికి సురక్షితం కావు.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో పొగతాగే అలవాటు లేని 31 మంది ఆరోగ్యవంతులను పరీక్షించారు. నికోటిన్ లేని ఈ-సిగరెట్‌ను ఒక్కసారి వాడిన వెంటనే వారి తొడ ధమని వ్యాకోచించే సామర్థ్యం సగటున 34 శాతం తగ్గింది. ఈ మార్పు తాత్కాలికమే అయినా, నికోటిన్ లేకున్నా రక్తనాళాలపై ప్రభావం ఉంటుందని స్పష్టమైంది.

ముద్రనూ పూర్తిగా నమ్మలేం. ఆస్ట్రేలియాలో 2019లో వెలువడిన ఒక పరిశోధనలో ‘నికోటిన్ లేదు’ అంటూ అమ్మిన 10 ద్రవాల్లో ఆరింటిలో నికోటిన్ బయటపడింది. యువతకు తెలియకుండానే వ్యసనం అంటుకొనే ముప్పు ఇక్కడే ఉంది.

పొగాకు మానాలనుకొనే వారు జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు.